బాక్సులో బిడ్డ, కాగితంలో బి/ఓ: కాన్పు కబురులో వచ్చే ఇంగ్లిష్ మాటలు

గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామంది తండ్రులయ్యేది ఫోన్లోనే. కాన్పు ఊళ్లో అవుతుంది, కబురు క్యాంపుకు వస్తుంది. "బాబు పుట్టిండు", "పాప పుట్టింది" అన్నంత వరకు మాట మనదే. ఆ తర్వాత ఆసుపత్రివాళ్లు చెప్పేది, కాగితం మీద రాసేది, ఇక్కడ ఆఫీసులో లీవు కోసం మనం నింపేది అంతా ఇంగ్లిషే. ప్రీటర్మ్ అంటారు, ఎన్ఐసీయూ అంటారు, బి/ఓ అని రాస్తారు. డాక్టరు చెప్పినదాంట్లో ఇంట్లోవాళ్లకు సగం అర్థమవుతుంది. వాళ్లు మనకు చెప్పేసరికి అందులోనూ సగమే మిగులుతుంది. రెండున్నర వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి అర్థం కాని మాట ఒక్కటి చాలు, ఆ రాత్రి నిద్ర ఉండదు.

మేము డాక్టర్లం కాదు, ఇంగ్లిష్ మాస్టర్లమూ కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి సైటు మీద సూపర్‌వైజర్లుగా పనిచేసేవాళ్లం. కానీ తోటివాళ్ల డిశ్చార్జి కాగితాలు చదివి చెప్పడం, లీవు ఫారాలు నింపి పెట్టడం ఏళ్లుగా మా మీదే పడుతోంది. అలా నేర్చుకున్న మాటలను నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

మన మాటల్లో ముద్దు, వాళ్ల మాటల్లో లెక్క

పసిపిల్లల విషయంలో తెలుగులో మాటలకు కరువు లేదు. పుట్టిన వెంటనే పసిగుడ్డు, పసికందు. పాలు తాగే వయసులో చంటిబిడ్డ. రోజులు నిండకుండా పుడితే నెలతక్కువ బిడ్డ. పుస్తకాల్లో శిశువు. ఇంట్లో పిలుచుకునేటప్పుడు బుజ్జి, చిన్ని, చిట్టి. అయితే చంటిబిడ్డ ఎన్ని నెలల దాకా చంటిబిడ్డ అని మనలో ఎవరూ లెక్కపెట్టరు. ఇంగ్లిష్‌లో మాత్రం ఆసుపత్రివాళ్లు, విమానంవాళ్లు, ఆఫీసువాళ్లు వాడే మాటల వెనక ఒక్కొక్క లెక్క ఉంటుంది.

బేబీ అన్నది ఇంటి మాట. దీనికి గట్టి వయసు హద్దు లేదు. రోజుల బిడ్డా బేబీయే, ఏడాది బిడ్డా బేబీయే. ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి ముప్పై ఏళ్లు వచ్చినా ఈ ఇంటి బేబీ అనే అంటారు. ప్రేమించుకున్నవాళ్లు ఒకరినొకరు బేబీ అనుకోవడం సినిమా పాటల పుణ్యమా అని మనకూ తెలిసిందే.

న్యూబార్న్ అంటే అప్పుడే పుట్టిన బిడ్డ. మామూలు మాటల్లో దీన్ని కొంచెం అటూ ఇటూగా వాడతారు గానీ వైద్యంలో మాత్రం కచ్చితంగా మొదటి 28 రోజులు. డాక్టర్లు ఇదే అర్థంలో నియోనేట్ అని రాస్తారు. కాంక్రీటు పనిచేసేవాళ్లకు 28 అంకె గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. పోసిన కాంక్రీటు బలం చూడటానికి క్యూబును 28వ రోజు పరీక్షకు పెడతాం. అప్పటిదాకా నీళ్లు పట్టి కాపాడుకుంటాం. బిడ్డకు కూడా ఆ 28 రోజులే గడ్డుకాలం. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు సగం ఈ రోజుల్లోనే జరుగుతున్నాయి. మన పెద్దలు పురిటి దినాల్లో తల్లినీ బిడ్డనూ బయటికి పంపకుండా, ఇరవై ఒకటో రోజున బారసాలో తొట్టెలో చేయడం కూడా ఇంచుమించు ఈ లెక్కకే వస్తుంది.

ఇన్‌ఫాంట్ అన్నది కాగితం మాట. ఇంట్లో ఎవరూ "మా ఇన్‌ఫాంట్ ఏడుస్తోంది" అనరు. లాటిన్‌లో దీని మూలానికి అర్థం "మాటలు రానివాడు" అని. డాక్టర్ల లెక్కలో ఏడాది లోపు బిడ్డ ఇన్‌ఫాంట్. విమాన టికెట్‌లో మాత్రం రెండేళ్ల లోపు. ఒకే మాటకు రెండు హద్దులున్నాయి, టికెట్ తీసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

టాడ్లర్ అంటే తప్పటడుగులు వేసే పిల్ల. ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఈ మాట వాడతారు. ఆ తర్వాత చైల్డ్, కిడ్. కిడ్ అన్నమాటకు అసలు అర్థం మేకపిల్ల. ఇప్పుడు అది పిల్లలకు ముద్దు మాట అయింది గానీ, నిన్న పుట్టిన బిడ్డను కిడ్ అనడం వినపడదు.

సైటులో డెలివరీ వేరు

మా సైటులో ఒక స్టీల్ ఫిక్సర్ పొద్దున్నే ఇంగ్లండ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లి "సర్, టుడే డెలివరీ, ఐ గో రూమ్" అన్నాడు. ఆయన డైరీ తిరగేసి "ఈరోజు ఏ డెలివరీ లేదే, స్టీలు వచ్చేది గురువారం కదా" అన్నాడు. మనవాడు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాడు. పక్కనున్నవాళ్లు కల్పించుకుని వాళ్లావిడకు కాన్పు అని చెప్పాక ఆ ఇంజనీరే చెయ్యి కలిపి పంపించాడు.

డెలివరీ తప్పు మాట కాదు. ఇంగ్లిష్‌వాళ్లూ ఆసుపత్రిలో వాడతారు. కాకపోతే ఆ మాట ఒక్కటే అంటే సామాను రావడమని అనుకుంటారు. మామూలు మాటల్లో కాన్పుకు ముందు "మై వైఫ్ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్" అంటారు, "ది బేబీ ఈజ్ డ్యూ ఇన్ మార్చ్" అంటారు. కాన్పయ్యాక "మై వైఫ్ హ్యాడ్ ఎ బేబీ" అంటే చాలు. డ్యూ అంటే మనకు బాకీ గుర్తొస్తుంది గానీ ఇక్కడ డాక్టరు ఇచ్చిన తేదీ అని అర్థం.

ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్న "ఈజ్ ఇట్ ఎ బాయ్ ఆర్ ఎ గర్ల్?" అని. మన బిడ్డను "ఇట్" అన్నారేమిటని నొచ్చుకోనవసరం లేదు. ఆడో మగో తెలియనప్పుడు పసిబిడ్డను ఇట్ అనడం వాళ్ల అలవాటు. తెలిశాక హీ, షీ అంటారు. మనమూ అలాగే చెప్పాలి: "ఇట్స్ ఎ గర్ల్."

ఇంకో ప్రశ్న "హౌ ఓల్డ్?" అని. రెండు రోజుల బిడ్డకు ఓల్డ్ ఏమిటని క్యాంపులో నవ్వుకుంటారు. కానీ వాళ్ల పద్ధతి అదే, "టూ డేస్ ఓల్డ్" అనాలి. మనం అనే "టూ డేస్ బేబీ" అర్థమవుతుంది గానీ వాళ్ల చెవికి వింతగా ఉంటుంది.

బరువు అడిగితే కిలోల్లో చెప్పండి. బ్రిటన్, అమెరికావాళ్లు తమ పిల్లల బరువు పౌండ్లలో చెబుతారు. ఒక పౌండు సుమారు 454 గ్రాములు. "సెవెన్ పౌండ్స్" అంటే 3 కిలోల 200 గ్రాములకు దగ్గర.

చివరికి వాళ్లు వినాలనుకునే మాట "మదర్ అండ్ బేబీ ఆర్ డూయింగ్ వెల్." మన ఉత్తరాల్లో రాసుకున్న "తల్లీబిడ్డ క్షేమం" అంటే ఇదే. 2013లో టెలిగ్రాం ఆగిపోయింది, ఉత్తరాలు పోయాయి, ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. ముందుగా అడిగే మాట మాత్రం మారలేదు.

"బిడ్డను బాక్సుల పెట్టిండ్రు"

ఊళ్లో చాలామంది ఇలాగే చెబుతారు. వాళ్ల ఉద్దేశం వెచ్చగా ఉంచే గాజు పెట్టె, అంటే ఇంక్యుబేటర్. కానీ గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు బాక్సు అంటే గుర్తొచ్చేది వేరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఏ బాక్సులు వెళ్తాయో మనకు తెలుసు. అర్ధరాత్రి ఫోన్లో ఆ మాట విని కుప్పకూలిన తండ్రిని మేము చూశాం. తీరా కనుక్కుంటే బిడ్డ రెండు కిలోల బరువుంది, వెచ్చదనం కోసం పెట్టారంతే. వారం తిరక్కముందే తల్లి పక్కకు వచ్చేసింది. మీ ఇంట్లో కాన్పు దగ్గరపడితే ముందే చెప్పి పెట్టండి, బాక్సు అనొద్దు, ఏ వార్డులో పెట్టారో ఆ పేరు చెప్పమనండి.

ఆ వార్డు పేరు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎన్ఐసీయూ. అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్. మన ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో దాదాపు ఇలాంటి వార్డునే ఎస్ఎన్‌సీయూ అంటారు, పసిబిడ్డల ప్రత్యేక వార్డు. అందులో పెట్టారనగానే ప్రాణం మీదికి వచ్చిందని కాదు. బరువు తక్కువైనా, కామెర్లు వచ్చినా, ఊపిరి కొంచెం వేగంగా ఉన్నా చూసుకోవడానికి పెడతారు.

ప్రీటర్మ్ అంటే నెలతక్కువ. ఇక్కడ లెక్క నెలల్లో కాదు, వారాల్లో. నిండు కాన్పు సుమారు 40 వారాలు. 37 వారాలు నిండకముందే పుడితే ప్రీటర్మ్. ఎల్‌బీడబ్ల్యూ అని రాస్తే బరువు తక్కువ అని, అంటే రెండున్నర కిలోల లోపు. ఈ రెండూ ఒకటి కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ కూడా బరువు తక్కువ ఉండొచ్చు.

సీఐఏబీ అని ఉంటే సంతోషించాలి. పుట్టగానే ఏడ్చింది అని దాని అర్థం. ఎప్‌గార్ అని పక్కన రెండు అంకెలుంటాయి. 1952లో వర్జీనియా ఎప్‌గార్ అనే అమెరికా డాక్టరమ్మ ఈ పద్ధతి కనిపెట్టింది. బిడ్డ రంగు, గుండె, ఊపిరి, తాకితే స్పందన, కండపట్టు చూసి పుట్టిన ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఏడు, ఆపైన ఉంటే మామూలే. అది మన పదో తరగతి మార్కుల్లాంటిది కాదు, పదికి పది రాలేదని దిగులు పడొద్దు. పెద్దయ్యాక తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు.

ఫోటోథెరపీ అంటే కామెర్లు తగ్గడానికి నీలం లైటు కింద పెట్టడం. రెండో రోజో మూడో రోజో చాలామంది పిల్లలకు కామెర్లు కనిపిస్తాయి. మొదటి 24 గంటల్లోనే బిడ్డ పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే, ఆకుపసర్లు పోస్తూ కూర్చోకూడదు.

స్టేబుల్ అన్న మాటను మనవాళ్లు "బాగైపోయింది" అని చెబుతుంటారు. అది పొరపాటు. ఉన్న పరిస్థితి ఇప్పటికైతే దిగజారడం లేదు అని మాత్రమే దాని అర్థం. రూమ్ ఎయిర్ అంటే మంచి కబురు, ఆక్సిజన్ పెట్టకుండానే మామూలు గాలి పీలుస్తోంది.

చెప్పడానికి నోరు రాని మాట ఒకటుంది, అది స్టిల్‌బార్న్. ఇందులో స్టిల్ అంటే "ఇంకా" అని కాదు, కదలిక లేని అని. చనిపోయి పుట్టిన బిడ్డ. కాగితం మీద ఈ మాట చూసి "ఇంకా పుట్టలేదంట" అని ఎవరికీ చదివి చెప్పకండి. మీకు అర్థమైతే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడించి చెప్పండి.

పేరు లేని కాగితం

ఆసుపత్రిలో బిడ్డ చేతికో కాలికో కట్టే పట్టీ మీద బి/ఓ అని రాసి తల్లి పేరు రాస్తారు. బి/ఓ అంటే "బేబీ ఆఫ్", ఫలానా ఆమె బిడ్డ అని. కవలలైతే ట్విన్ వన్, ట్విన్ టూ. డిశ్చార్జి కాగితంలోనూ అదే ఉంటుంది. అంతవరకు పర్వాలేదు. చిక్కు ఎక్కడంటే, కొందరి పిల్లలు జనన ధ్రువపత్రంలో కూడా పేరు లేకుండానే మిగిలిపోతారు.

మన దేశంలో 1969 నాటి చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు పెట్టకపోయినా నమోదు ఆగదు. పేరును ఏడాదిలోపు ఫీజు లేకుండా, ఆ తర్వాత ఫీజు కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించవచ్చు. నాన్న వచ్చాక తొట్టెల చేద్దాం, అప్పుడే పేరు అని ఆపుతారు. నాన్నకు లీవు దొరకదు. ఏడాది గడుస్తుంది, కాగితం సంగతి మరిచిపోతారు.

ఇదివరకు ఇది అంత పెద్ద విషయం కాకపోవచ్చు. ఇప్పుడు అలా కాదు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర నుంచి పుట్టిన తేదీకి, ఊరికి జనన ధ్రువపత్రమే ఆధారం. 2025లో పాస్‌పోర్టు నిబంధనలనూ అలాగే మార్చారు. రేపు భార్యాబిడ్డలను విజిట్ మీద తీసుకురావాలన్నా ముందు కావాల్సింది ఆ కాగితమే.

మేము తోటివాళ్లకు చెప్పేది ఒక్కటే. కాన్పుకు ముందే మీ పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసి ఇంటికి పంపండి. తండ్రి పేరు అందులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించమనండి. మన ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు వేరువేరు గడుల్లో ఉంటాయి. ఆసుపత్రి గుమస్తా తొందరలో ఒక అక్షరం మార్చి రాస్తే దాన్ని సరిచేయించడానికి మీకు దొరికిన నెల రోజుల లీవంతా ఆఫీసుల చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

భార్య ఇక్కడే ఉండి ఇక్కడే కాన్పయితే దారి వేరు. అరబ్బీలో అప్పుడే పుట్టిన బిడ్డను మౌలూద్ అంటారు, జనన ధ్రువపత్రం షహాదత్ మీలాద్. యూఏఈలో పుట్టిన 120 రోజుల్లో బిడ్డకు రెసిడెన్సీ చేయించాలి, లేకపోతే జరిమానా. ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యం. 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన మన పిల్లలకు భారత పౌరసత్వం దానంతటదే రాదు. ఏడాదిలోపు మన ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో జననం నమోదు చేయించాలి.

లీవు ఫారంలో, టికెట్‌లో

యూఏఈ ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారికి బిడ్డ పుడితే జీతంతో ఐదు పని దినాల సెలవు ఉంది. 2020లో వచ్చిన హక్కు ఇది. ఫారంలో దాని పేరు పేరెంటల్ లీవ్. బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి. సౌదీలో తండ్రికి జీతంతో మూడు రోజులు, 2025 మార్పు తర్వాత బిడ్డ పుట్టిన వారంలోపు తీసుకోవాలి. ఈ లీవుల సంగతి తెలియక తమ వార్షిక సెలవులో కోయించుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఇళ్లల్లో పనిచేసేవారికి వేరే చట్టం వర్తిస్తుంది.

విమానంలో రెండేళ్ల లోపు బిడ్డ ఇన్‌ఫాంట్, ఒడిలో కూర్చోబెట్టుకోవాలి, సీటు ఉండదు. టికెట్ ధర తక్కువే గానీ ఉచితం కాదు. వెళ్లేటప్పుడు రెండేళ్లు నిండకపోయినా తిరుగు ప్రయాణానికి నిండితే ఆ ప్రయాణానికి చైల్డ్ టికెట్, సీటు కావాలి. బాసినెట్ అంటే ముందు గోడకు తగిలించే చిన్న తొట్టె. అన్ని విమానాల్లో ఉండదు, బుకింగ్‌లోనే అడగాలి. రోజుల బిడ్డ అయితే డాక్టరు రాసిన చీటీ అడగవచ్చు, టికెట్ కొనకముందే కనుక్కోండి.

బట్టలు, డబ్బాలు, మందులు

ఊరికి వెళ్లేటప్పుడు అందరం పసిపిల్లల బట్టలు కొంటాం. వాటి మీద 3ఎం, 6ఎం అని ఉంటే ఎం అంటే మీడియం కాదు, నెలలు. ఎన్‌బీ అంటే న్యూబార్న్, కొన్ని వారాలకే బిగుతవుతుంది. 2టీ అంటే రెండేళ్ల టాడ్లర్. మీరు ఊరు చేరేసరికి బిడ్డకు ఎన్ని నెలలు నిండుతాయో లెక్క చూసి ఒక సైజు పెద్దదే కొనండి.

పాల డబ్బాల మీద 1 అంటే ఆరు నెలల దాకా, 2 అంటే ఆరు నుంచి ఏడాది దాకా. ఫారిన్ డబ్బా అని తల్లిపాలు మాన్పించొద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

జ్వరం మందు దగ్గర మరీ జాగ్రత్త. ఇన్‌ఫాంట్ డ్రాప్స్, చిల్డ్రన్స్ సిరప్ ఒకటి కాదు. మన దేశంలో దొరికే పారాసిటమాల్ డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, మామూలు సిరప్‌లో దాదాపు పాతికే. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే బిడ్డకు నాలుగింతల మందు పడినట్టు. ఇక్కడి నుంచి మందు సీసాలు తీసుకెళ్లకపోవడమే మంచిది. న్యూబార్న్ వయసులో జ్వరం వస్తే ఇంట్లో మందు వేయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫోన్లో అడగాల్సినవి

కబురు వచ్చిన కంగారులో ఏం అడగాలో తోచదు. ఈ ఐదూ రాసి ఫోన్లో పెట్టుకోండి:

1. తల్లి ఎలా ఉంది? మామూలు కాన్పా, ఆపరేషనా? కాగితం మీద ఎల్ఎస్‌సీఎస్ అని ఉంటే పెద్ద ఆపరేషన్.
2. బిడ్డ పుట్టగానే ఏడ్చిందా?
3. బరువు ఎంత, ఎన్ని వారాలకు పుట్టింది?
4. పాలు తాగుతోందా? తల్లి పక్కనే ఉందా, ఏదైనా వార్డులో పెట్టారా?
5. డిశ్చార్జి కాగితం ఫోటో పంపారా?

ఫోటో వచ్చాక అందులో అర్థం కాని మాట ఉంటే సిగ్గుపడకుండా పక్క రూములో చదువుకున్నవాళ్లను అడగండి. ఏ క్యాంపులో అయినా మాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. నైట్ డ్యూటీ చేసి పడుకున్నా సరే, ఈ పనికి లేపితే ఎవరూ విసుక్కోరు.